అమ్మకానికి పెట్టాను, అమ్ముతానన్నానా?

మా మామయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఆయన తన మోటారు సైకిలును అమ్మకానికి పెడతాడు, అమ్మడు.

ఏళ్ళ తరబడి వాళ్ళ ముందుగది కిటికీ ఊచలకు ‘ఈ బండి అమ్మబడును’ అని ఒక బోర్డు వేలాడేది. ఆ కిటికీలోంచి బండి కనబడుతూనే ఉండేది. బండి పక్కన కుర్చీలో మామయ్య కూడా కనబడేవాడు, కొనడానికి వచ్చినవాణ్ణి తరిమెయ్యడానికి సిద్ధంగా. ఆయన అసలు పేరు చుట్టుపక్కల ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన బోర్డు మామయ్యే. నేను సొంత మేనల్లుణ్ణి కాబట్టి నేనలా పిలవడంలో వింత లేదు గానీ, ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

“ఇదేం పద్ధతి మామయ్యా, అమ్మనప్పుడు బోర్డెందుకు?” అని ఒకసారి అడిగాను.

“అమ్మకానికి పెట్టానురా. అమ్ముతానన్నానా?” అన్నాడు.

ఈ మాటకు నేను ఇప్పటిదాకా జవాబు కనిపెట్టలేకపోయాను. మీకేమైనా తడితే చెప్పండి, ఆయన ముందు మాత్రం చెప్పకండి.

బండి సంగతి కూడా చెప్పాలి. అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో పుట్టింది. గేరు కాలితో కాదు, ట్యాంకు పక్కనున్న కర్రను చేత్తో తోసి వెయ్యాలి. వెనక చక్రానికి స్ప్రింగులే లేవు. సీటు కింద మాత్రం రెండు పెద్ద స్ప్రింగులున్నాయి, అవి కూడా పని తప్పించుకు తిరిగే రకం. అందుచేత రోడ్డు మీద గులకరాయి ఎక్కినా ఆ కబురు నేరుగా వెన్నెముకకు అందుతుంది. దాని అసలు రంగు నలుపట. ఇప్పుడు తుప్పు లేనిచోట నలుపు, నలుపు లేనిచోట తుప్పు. ట్యాంకు మీద బంగారు గీత ఒకటి ఉండేదని, జాగ్రత్తగా చూస్తే ఇప్పటికీ ఉందని మామయ్య అంటాడు. నేను జాగ్రత్తగానే చూశాను.

ఇంజను మాత్రం గడియారం. దానికి వెయ్యవలసిన నూనె వేస్తాడు, మార్చవలసిన తీగలు మారుస్తాడు, ప్రతి ఆదివారం పొద్దున్నే సందు చివరిదాకా నడిపి తెస్తాడు. లోపల ఏం కావాలన్నా చేస్తాడు గానీ ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వడు. కడగకూడదు, తుడవకూడదు, రంగు వెయ్యకూడదు. తుప్పంటే దాని వయసు, వయసు దాచుకోవలసిన ఖర్మ దానికేం పట్టిందని ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులను చూశాం. మామయ్య ఆ కుందేలు చేత నడిపించి మరీ చూపిస్తాడు.

నేను బోర్డులు రాసి బతుకుతాను. రంగుల మీద బతికే మేనల్లుడున్న మనిషి రంగు పేరెత్తితే మండిపడటం నా తలరాత. తమాషా ఏమిటంటే, ఆ బోర్డు కాస్త వెలిసిందంటే చాలు, నాకు కబురొస్తుంది. నేను రంగు డబ్బాలు పట్టుకుని పరిగెత్తాలి. కిటికీ బోర్డు చాలక సందు మొదట్లో బాణం గుర్తుతో ఇంకొకటి కూడా రాయించాడు. బండికి వద్దన్న రంగు బోర్డుకెందుకని అడిగితే, బండి కనబడకపోయినా ఫరవాలేదు, బోర్డు కనబడాలన్నాడు. ముసలాయనకు మతి చలించిందని నవ్వుకుని రాసేశాను.

ఇక ఎదురింటి సంగతి. మామయ్య ఇంటికి సరిగ్గా ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో బండ్లు బాగుచేసే మెకానిక్కు, మామయ్య ఈడువాడే. ఒకప్పుడు ఇద్దరూ ‘ఒరేయ్’ అంటే ‘ఏరా’ అనుకునేవాళ్ళు. ఒక కప్పు టీ తెప్పించుకుని సగం సగం తాగేవాళ్ళు. ఒకనాడు మామయ్య క్లచ్చు తీగ వెయ్యమని బండి షెడ్డులో వదిలి ఏదో పనిమీద వెళ్ళాడు. మెకానిక్కు తీగ వేశాడు. చేతిలో ఇంకా పొద్దుంది, మనసులో స్నేహితుడి మీద ప్రేముంది. కిరోసిన్‌లో గుడ్డ ముంచి ట్యాంకు రుద్దడం మొదలుపెట్టాడు. అరచేతంత మేర తళతళా మెరిసేసరికి మామయ్య వచ్చాడు.

మామయ్య అరవలేదట. బండి తోసుకుంటూ వీధి దాటి ముందుగదిలోకి ఎక్కించి తలుపేసుకున్నాడట. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిత్రమేమిటంటే, మాటలు పోయాక మర్యాద పెరిగింది. అంతవరకూ ‘వాడు’ అయిన మెకానిక్కు కాస్తా ‘ఆయనగారు’ అయ్యాడు. ఒకరికొకరు వినబడేంత దూరంలో నిలబడి మధ్యలో నన్ను పెట్టుకునేవాళ్ళు. ఆయనగారి షెడ్డు రేకు ఊగుతోందని చెప్పరా అనేవాడు మామయ్య. ఆ రేకు ఎప్పటినుంచో అలాగే ఉందని మీ మామయ్యకి చెప్పు అనేవాడాయన. నేను నోరు తెరిచేలోపే ఇద్దరికీ అంతా తెలిసిపోయేది, అయినా నేను చెప్పి తీరాల్సిందే.

ఇంతలో పైవంతెన వచ్చింది. ఒకప్పుడు ఊరంతా నడిచే వీధి ఒక్కసారిగా సందైపోయింది. బండ్లన్నీ పైనుంచి పోతాయి, కింద వాటి చప్పుడు మాత్రం మిగిలింది. మామయ్య బోర్డు పెట్టింది ఆ ఏడాదే.

పాత బండ్ల పిచ్చివాళ్ళకు ముక్కు పదును. ఎక్కడెక్కడినుంచో వాసన పట్టి వచ్చేవాళ్ళు. అమ్మని సరుక్కి గిరాకీ ఎక్కువ కాబట్టి, వెళ్ళగొట్టబడ్డ ప్రతివాడూ వెళ్ళి ఇంకో ఇద్దరికి చెప్పేవాడు. వచ్చిన ప్రతివాడూ ముందు ఆ అరచేతి మెరుపు చూసి, అబ్బ, ఇక్కడెంత బాగుంది, మొత్తం ఇలా చేయిస్తే అదిరిపోతుంది అనేవాడు. అక్కడితో ఆ మనిషి పని అయిపోయినట్టే.

ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. ఎర్ర రంగు వేయించి తన ఆసుపత్రిలో రోగులు కూర్చునే చోట పెడతానన్నాడు.

“మీ నాన్నగారున్నారా?” అని అడిగాడు మామయ్య.

“ఉన్నారండి.”

“మొహం మీద ముడతలున్నాయా?”

“పెద్దవారు కదండీ, ఉన్నాయి.”

“ఇస్త్రీ చేయిస్తున్నారా మరి?”

డాక్టరుకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. అది ఆయన మంచితనం. హోటలాయన ఒకడు వచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టి చక్రాల్లో పూలతీగలు పాకిస్తానన్నాడు. మామయ్య లేచి కిటికీ రెక్కలు మూసేశాడు.

అయితే ఎంతటివాణ్ణి వెళ్ళగొట్టినా, వెళ్ళగొట్టేముందు ఒక తంతు తప్పదు. ధర ఎంతని అడిగితే మామయ్య చెప్పడు. ముందు బండి లోపాలు తెలుసుకోమంటాడు. లోపాలన్నీ ఎదురు షెడ్డులో ఆయనగారికి తెలుసు, వెళ్ళి అడగమంటాడు. “కానీ ఆయన ఊరికే చెప్పడు. చేతిలో పానా ఉంటేనే నోరు తెరుస్తాడు. మీ బండికేదైనా పనుంటే ఇచ్చి, మాటల్లో పెట్టి అడగండి” అంటాడు.

వాళ్ళు తమ కారో స్కూటరో షెడ్డు ముందుకు తోసి, నూనె మార్చమనో, బ్రేకులు చూడమనో అనేవాళ్ళు. మెకానిక్కు పానా పట్టుకునేవాడు, నోరు తెరిచేవాడు. ఇక చూసుకోండి. పిస్టన్ అరిగి చెంచా అయింది. ఫ్రేము రెండు చోట్ల విరిగితే అతికారు. గేరు పెట్టెలో పళ్ళన్నీ రాలాయి. అది పెట్రోలు కాదు, మనిషి ఆయుష్షు తాగుతుంది. కొనడానికి వచ్చినవాడు బెదిరిపోయి, కొత్తగా బాగైన తన బండెక్కి పోయేవాడు. పనితనం నచ్చి మళ్ళీ మళ్ళీ ఆ షెడ్డుకే వచ్చేవాడు. పళ్ళ డాక్టరు కారు ఇప్పటికీ అక్కడికే వస్తుంది.

ఈ మాటలు విని నాకు ఒళ్ళు మండేది. పగ తీర్చుకుంటున్నాడని అనుకునేవాణ్ణి. “నీ బండిని అన్నేసి మాటలంటుంటే మళ్ళీ మళ్ళీ ఆయన దగ్గరికే పంపుతావేమిటి?” అని మామయ్యను నిలదీశాను.

“అననీ. నోరు ఆయనగారిది” అన్నాడు.

ఇలాగే ఇంకో తరం గడిచిపోయేదే గానీ, మా అత్తయ్య కుట్టు మిషను అడ్డొచ్చింది. అత్తయ్య వంటింట్లో ఒక మూల మిషను పెట్టుకుని ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఇటు అంచు మడిచేది, అంచు మడుస్తుంటే అటు కూర మాడేది. ఆ పళ్ళ డాక్టరే కారు బాగయ్యేదాకా మామయ్య ఇంటి గుమ్మంలో నిలబడి ఆమె కుట్టు చూసి, తమ ఆసుపత్రి మొత్తానికి తెల్ల కోట్లు కుట్టిపెడతారా అని అడిగాడు. అంత పనికి ఇంకో మిషను కావాలి, సాయానికి ఇంకో మనిషి కావాలి, బట్ట పరిచి కత్తిరించడానికి పెద్ద బల్ల కావాలి. ఇవన్నీ పట్టేది ముందుగదిలోనే. ఆ వారంలోగా ఔనో కాదో చెప్పకపోతే పని ఇంకొకరికి పోతుంది. తన చేతిమీద తాను ఒక కొట్టు పెట్టుకోవాలన్నది అత్తయ్య జీవితంలో మొదటి కోరిక. అంతకుముందు ఏదీ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది.

“‘బండి కావాలో నేను కావాలో తేల్చుకో’ అని మీ మామయ్యని అడగనురా” అంది.

“ఎందుకత్తయ్యా?”

“ఆలోచించుకోవడానికి టైమడుగుతాడు. నువ్వే ఏదో ఒకటి చూడు.”

నేను కాలికి బలపం కట్టుకుని తిరిగాను. మామయ్య వంక పెట్టడానికి వీల్లేని మనిషి కావాలి. దొరికింది. బజారు వీధిలో గడియారాలు బాగుచేసే ఆవిడ. తాతల నాటి గడియారం తెచ్చి మెరుగు పెట్టమంటే చెయ్యనని తిప్పి పంపిస్తుందని ఆవిడకు చెడ్డపేరు. ఆ చెడ్డపేరే నాకు కావలసింది.

ఆవిడ తన స్కూటరు మీద వచ్చింది. బండి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. చేతులు వెనక్కి కట్టుకునే తిరిగింది, ఎక్కడా ముట్టుకోలేదు. ట్యాంకు మీద మెరుపు దగ్గర ఆగింది. మామయ్య కుర్చీలో ముందుకు వంగాడు.

“అయ్యో, ఎవరు చేశారీ పని?” అంది.

మామయ్యకు ఉన్న ఒక్క వంకా పోయింది. ఇంకోటి వెతుక్కుంటూ, నడపడం తెలుసా అని అడిగాడు. ఆవిడ బండిని వీధిలోకి దింపింది, వెనకే మామయ్య కుర్చీని గుమ్మంలోకి లాక్కున్నాడు. ఆవిడ పెట్రోలు తెరిచి, కార్బురేటరు మీది బొడిపె నొక్కి, చుక్క వేలికి తగిలేదాకా ఆగింది. హ్యాండిలు మీది చిన్న మీటను ఎంత వెనక్కి తొయ్యాలో అంతే తోసి, ఒకే ఒక్క తన్ను తన్నింది. బండి అందుకుంది. మామయ్య ముఖంలో ఒక పక్క సంతోషం, ఒక పక్క నష్టం. ఆవిడ సందు చివరిదాకా వెళ్ళి వచ్చి, ఉన్నదున్నట్టే ఉంచుతాను, ధర చెప్పండి అంది.

అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. మామయ్య అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. ముందు లోపాలు తెలుసుకోండి, షెడ్డుకు వెళ్ళండి, మీ స్కూటరు పనేదైనా ఇస్తేనే ఆయన చెబుతాడని పాత పాటే అందుకున్నాడు.

“నా స్కూటరుకి ఏ జబ్బూ లేదండి” అంది ఆవిడ.

“చూడండి, ఏదో ఒకటి ఉంటుంది.”

“నేనే చూసుకుంటాను. ఏమీ లేదు.”

“అయితే కనీసం గాలన్నా కొట్టించుకోండి” అన్నాడు మామయ్య. బతిమాలుతున్నట్టే ఉంది ఆ గొంతు. ఆయన ఎవరినైనా బతిమాలడం నేను వినడం అదే మొదలు.

ఆవిడ వింతగా చూసి, సరేనని వెళ్ళింది. గాలి కొట్టించుకుంది. మెకానిక్కు తన లోపాల చిట్టా విప్పాడు. ఆవిడ ఓపిగ్గా అంతా విని, ఆయన్ను వెంటబెట్టుకుని వీధి మధ్యకు వచ్చింది.

“గేరు పెట్టెలో పళ్ళన్నీ రాలాయంటున్నారు ఈయన. నేనిప్పుడే అన్ని గేర్లూ వేసి వచ్చాను. ఎందుకు అబద్ధం చెబుతున్నారు?”

మెకానిక్కు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మామయ్య వైపు చూడకుండా నావైపు చూశాడు.

“మీ మామయ్యకి చెప్పు. ట్యాంకు ఎలాగూ నేనే పాడుచేశాను. బండి కూడా పోతే ఆ మనిషి ఏమైపోతాడు? ఆ కుర్చీలో కూర్చుని ఎవరిని తిడతాడు? ఏ బలహీన క్షణంలోనో ఎవడికో సరే అనేస్తాడేమోనని నా భయం. అందుకే ఉన్నవీ లేనివీ చెప్పి అందర్నీ పంపించేస్తున్నాను.”

“నేనా? సరే అంటానా?” అన్నాడు మామయ్య, ఆయన కూడా నావైపే చూస్తూ. “అమ్మకానికి పెట్టాను గానీ అమ్ముతానన్నానా?”

“మరి బోర్డెందుకండీ?” అంది గడియారాలావిడ.

నేను ఎప్పుడో అడిగిన ప్రశ్నే. నాకు దొరకని జవాబు ఆవిడకు దొరికింది. మామయ్య కుర్చీలోంచి లేచాడు. తప్పు ఒప్పుకునే మనిషి నిలబడే తీరు కాదది. దెబ్బలాటకు దిగేవాడు నిలబడే తీరు.

“అవును, పెట్టాను. ఏం? వంతెన కట్టాక ఈ సందులోకి కుక్క కూడా రావడం మానేసింది. ఆయనగారు పొద్దున్నే షెడ్డు తెరుస్తాడు. పని లేదు. తుడిచిన పానాలే తీసి మళ్ళీ తుడుస్తాడు. సాయంత్రం దాకా అదే పని. ఎదురుగా కూర్చుని ఎన్నాళ్ళు చూడమంటారు? నాకసలే ఎవరైనా ఏదైనా తుడుస్తుంటే ఒళ్ళు మండుతుంది. అందుకని నాలుగు బండ్లు ఆయన చేతికి తగిలేట్టు చేశాను. అంతే. స్నేహమూ లేదు, ఏమీ లేదు.”

బండి కనబడకపోయినా బోర్డు కనబడాలని ఆయన ఎందుకన్నాడో నాకప్పుడు తెలిసింది. మతి చలించింది ఆయనకు కాదు.

మెకానిక్కు చేతిలో ఉన్న గుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు. ముక్కుకు నల్లగా నూనె అంటింది.

కథను తేల్చింది అత్తయ్య. కిటికీలోంచే తేల్చింది. “బోర్డు షెడ్డు కోసమైతే షెడ్డుకే కట్టుకోవచ్చుగా? బండి అక్కడుంటే పని నేరుగా అక్కడికే వస్తుంది. కుర్చీ కూడా పట్టుకుపో. ఇక్కడ మాట్లాడుకోకుండా కూర్చున్నట్టే అక్కడా కూర్చోవచ్చు” అంది.

ఇంత తేలిక సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు. తట్టినా, మాటల్లేని మనిషి షెడ్డులో బండి పెట్టడానికి మామయ్య ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు మాత్రం ఆయన అత్తయ్య వంక చూశాడు. వంటింటి మూల మిషను గుర్తొచ్చిందో ఏమో, బండి హ్యాండిలు పట్టుకుని వీధి దాటించాడు. షెడ్డు గుమ్మం దగ్గర ఆగి, ఇన్నేళ్ళకు మొదటిసారి, నా సాయం లేకుండా నోరు విప్పాడు.

“ఒరేయ్. ముందా గుడ్డ దాచెయ్.”

“దాచేశానురా” అన్నాడు మెకానిక్కు, గుడ్డను వీపు వెనక పెట్టుకుని.

గడియారాలావిడకు బండి దక్కలేదు. కానీ గడియారానికి కీ ఇచ్చినట్టు వారానికోసారి వచ్చి నడిపి వెళ్ళవచ్చని మామయ్య అనుమతి ఇచ్చాడు. తుడవకూడదన్న షరతు మీద. ఆవిడకు ఆ షరతు పెట్టడం అవసరమా అంటే, పెట్టకపోతే ఆయన మామయ్య ఎందుకవుతాడు?

ముందుగదిలో ఇప్పుడు రెండు మిషన్లు, పెద్ద బల్ల, గోడవారన తెల్ల కోట్ల దొంతరలు. బండి ఉన్నచోట నేల మీద నూనె మరక మిగిలింది. అత్తయ్య దాన్ని కడగలేదు. కొట్టుకు బోర్డు నేనే రాశాను, నాకు చాతనైనంత పెద్ద అక్షరాలతో. షెడ్డు రేకుకు వేలాడే మామయ్య బోర్డును కూడా కొత్తగా రాశాను. ఒక కప్పు టీ మళ్ళీ ఇద్దరి మధ్య సగం సగం అవుతోంది. ఎవరి సగం పెద్దదన్న దాని మీద రోజూ తగవే.

మొన్న నేను షెడ్డులో ఉండగా ఒక పెద్దమనిషి నడిచి వచ్చాడు. బండి చూశాడు, మెరుపు చూశాడు, మొత్తం ఇలా చేయిస్తే అదిరిపోతుందన్నాడు. ధర అడిగాడు. మెకానిక్కు చేతిలో అప్పటికే ఒక కారు, బయట వరసలో రెండు స్కూటర్లు. మామయ్య ఆ వరసను ఒకసారి చూశాడు. తర్వాత ఎదురింటి కిటికీ వైపు చూశాడు.

“ముందు దీని లోపాలు తెలుసుకోండి. అన్నీ ఆ ఎదురింటి ఆవిడకి తెలుసు. కానీ ఊరికే చెప్పదు, చేతిలో సూది ఉంటేనే నోరు తెరుస్తుంది. మీ ప్యాంటు అంచు ఊడినట్టుంది చూడండి” అన్నాడు.

పెద్దమనిషి వంగి చూసుకున్నాడు. అంచు దిట్టంగా ఉంది. అయినా మామయ్య చూస్తున్న చూపుకు, ఊడిందేమోనని అనుమానం పుట్టి వీధి దాటాడు.